సోలెడు వాన

నేను అడవికి వెళ్ళింది ఒక సోల కోసం. గింజలు కొలుచుకునే సోల. ఈ మాట చెప్పగానే మా ఆయన పేపరు దించి, "సోల కోసం భద్రాచలం దాటి పోవడమేమిటే, తల్లాడ బజార్లో దొరకదా?" అన్నాడు. దొరకదు. వెదురు కణుపు కోసి చేసిన సోల అది. ఒక పెద్దాయన ఇంట్లో ఉండాలి. ఉందో, ఎప్పుడో పొయ్యిలోకి పోయిందో కూడా నాకు తెలియదు.

నేను మండలాఫీసుల్లో లెక్కలు రాసి రిటైరైన మనిషిని. పంటల లెక్క, పశువుల లెక్క, వానల లెక్క. అందులో ఎనిమిదేళ్ళు భద్రాచలానికి అవతల, అడవి అంచున ఉన్న ఒక మండలంలో చేశాను. ఆ మండలం పేరు రాయను. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. ఆఫీసు వెనకాల రెయిన్‌గేజి ఉండేది. పైన గరాటు, లోపల సీసా. పొద్దున ఎనిమిదిన్నరకు ఆ సీసాలో చేరిన నీళ్ళను గీతలున్న గాజు గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి, రిజిస్టర్లో రాసి పైకి పంపాలి. అంతే పని.

ఈమధ్య యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. గడిచిన కొన్ని దశాబ్దాల్లో మన దిక్కు వానలు ఎలా మారాయో పరిశోధన చేస్తోందట. ఎంతో మర్యాదగా మాట్లాడి, చివర్లో అడిగింది: "మేడం, మీరున్న ఎనిమిదేళ్ళూ ఆ మండలంలో వాన ఐదు, పది, పదిహేను, ఇరవై, ఇలాగే పడింది. ఏడు మిల్లీమీటర్లు గానీ, పన్నెండు గానీ ఒక్కసారి కూడా పడలేదు. అలా ఎందుకు పడింది మేడం?"

వాన అలా పడదు తల్లీ, అలా రాశాం మేం.

జరిగింది ఇది. నేను అక్కడ చేరిన కొత్తలోనే ఆ గాజు గ్లాసు పగలగొట్టాను. అందులో పెన్నులు పెట్టుకోవడం నా తెలివి, మోచెయ్యి తగిలి బల్లమీంచి పడిపోవడం దాని కర్మ. కొత్తది కావాలని పైకి రాశాను. రాలేదు. మళ్ళీ రాస్తే పాతది ఎలా పగిలిందని సంజాయిషీ అడుగుతారని ఊరుకున్నాను. అప్పుడు మా అటెండరు ముత్తయ్య ఇంటినుంచి సోల తెచ్చాడు. సీసాలో నీళ్ళు సోలతో కొలిచి చెప్పేవాడు. పావుసోల అంటే ఐదు, అరసోల అంటే పది, నిండు సోల అంటే ఇరవై అని నేను రాసేదాన్ని. ఇరవై ఎక్కడిదంటారా? కంటికి అంత ఉంటుందనిపించింది, పైగా లెక్కకు వీలుగా ఉంది. లెక్కల ఆఫీసరమ్మను మరి!

అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. "ఆ సోల ఇప్పటికీ ఉంటే మేడం, అందులో నిజంగా ఎన్ని మిల్లీమీటర్లు పడతాయో కొలిస్తే చాలు, ఎనిమిదేళ్ళూ సరిచేసుకోవచ్చు. లేకపోతే అవన్నీ తీసి పక్కన పెట్టాల్సిందే. వానల తీరు మారిపోయింది సరిగ్గా ఆ ఏళ్ళలోనే," అంది. నాలుగు రోజుల్లో గీతలున్న కొత్త గ్లాసు కొరియర్లో వచ్చింది.

తిరిగి వచ్చాక రాస్తున్నాను కాబట్టి ముందే చెప్పేస్తాను. సోల దొరికింది. దొరక్కపోయినా బాగుండేదని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది.

తల్లాడ, ఆధార్ కార్డు

ఆగస్టు చివరి వారం. మా చేలల్లో పత్తి వాడిపోయి ఉంది. అంతకు పదిహేను రోజుల ముందు అదే పత్తి నీళ్ళలో మునిగి ఉంది. బస్సు కదిలాక కండక్టరు వచ్చి కార్డు అడిగాడు. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా, దర్జాగా తీసి ఇచ్చాను. ఆయన కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

"అమ్మా, సుబ్బారావంటే మీరేనా?"

మా ఆయన కార్డు తెచ్చుకున్నాను. బస్సంతా నవ్వింది. డబ్బులిచ్చి టికెట్టు కొనుక్కున్నాను.

పక్కన కూర్చున్నావిడ నా ఒళ్ళో తువ్వాలు చుట్టి ఉన్న గ్లాసును జూలూరుపాడు దాకా ఓపిక పట్టి చూసి, ఇక ఆగలేక అడిగింది. "గదేంది మేడం, దవాఖానా సామానా?"

"కాదమ్మా, వాన కొలిచే గ్లాసు."

"కొలిస్తే ఏమొస్తది? పడాలె గని," అని కిటికీ వైపు తిరిగిపోయింది. నేను ముప్పై ఏళ్ళు చేసిన ఉద్యోగం గురించి ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు.

కొత్తగూడెం, గొడుగు అడగని మనవడు

కొత్తగూడెంలో బస్సు మారాలి. స్టాండు పక్క కొట్లో టీ పది రూపాయలు, మిరపకాయ బజ్జీ నాలుగు ఇరవై. మా వైపు బజ్జీలో వాము పెడతారు, ఇక్కడ చింతపండు పులుసు కూరుతారు. ఇదే బాగుంది, మా వాళ్ళు వినకపోతే చాలు.

బల్లమీద ఒక కుటుంబం నీరసంగా కూర్చుని ఉంది. రైలు దిగి, స్టేషను బోర్డు మీద భద్రాచలం రోడ్డు అని చూసి, గుడి ఎటు అని గంటసేపు తిరిగారట. గుడి ఇంకా గంట ప్రయాణం ఉందని చెప్తే ఆ ఇంటాయన నామీదే విసుక్కున్నాడు.

టీ కాచే పెద్దాయన బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. నా గ్లాసు కథ విని, ఆయన తన కథ చెప్పాడు. "నా చిన్నప్పుడు శ్రావణమంటే ముసురే మేడం. వారం, పది రోజులు సూర్యుడు కనబడకపోయేది. మా క్వార్టర్ల బట్టలు ఆరేటియి కాదు. మా అమ్మ నా బడి లాగు బొగ్గుల కుంపటి మీద పట్టి ఆరబెట్టేది. లాగంతా పొగ వాసన. ఇప్పుడు మా మనవడు గొడుగే అడగడు. వాన పడితే బడికి సెలవిస్తరు. పడకపోతే గొడుగు ఎందుకు?"

ముసురు అన్న మాట నేనూ చాలాకాలానికి విన్నాను. సన్నగా, విసుగు పుట్టేలా, పగలూ రాత్రీ పడే వాన. దాన్ని మా అమ్మమ్మ తిట్టని రోజు లేదు. అది పోయింది, పోయినప్పుడు ఎవరం గమనించలేదు. ఆ ఎనిమిదేళ్ళ లెక్కలు నిలిస్తే ఎప్పుడు పోయిందో కాగితం మీదైనా ఉంటుంది కదా అని గ్లాసును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

భద్రాచలం, గోదావరి ఎంతుంది?

సారపాక దాటి వంతెన ఎక్కేసరికి బస్సులో అందరూ లేచి నిలబడ్డారు. గోదావరి ఎర్రగా, ఒడ్డు నుంచి ఒడ్డుకు ఉంది. భద్రాచలంలో ఆ రోజు చినుకు లేదు. ఎగువన ఎక్కడో రెండు రోజుల్లో కుమ్మేసిందట.

ఊళ్ళో ఏ కొట్టుకు వెళ్ళినా ఒకటే ప్రశ్న: "ఎంతున్నది?" అంటే నది ఎన్ని అడుగులుంది అని. ఇడ్లీ ముప్పై రూపాయలు తీసుకునే హోటలాయన చిల్లర ఇస్తూ అడుగులు కూడా చెప్తాడు. పూలమ్మే ఆవిడ చెప్తుంది. ఒక అడుగు పెరిగితే పల్లపు వీధివాళ్ళు మంచాలు ఎత్తి కడతారు, రెండడుగులు పెరిగితే పిల్లల్ని తీసుకుని మిట్టమీది స్కూలుకు పోతారు. ఎవరో ఒక ఉద్యోగి మెట్ల దగ్గర గీత చూసి చెప్పిన అంకె అది. ఎవరూ అనుమానించరు.

దర్శనం చేసుకుని, పులిహోర తిని, లాడ్జి గదిలో పడుకున్నాను. నా అంకెల్ని కూడా ఇలాగే నమ్మి ఉంటారా అన్న ఆలోచన అప్పుడు మొదటిసారి వచ్చింది. వచ్చింది గానీ, ఎక్కువసేపు ఉండనివ్వలేదు నేను.

అడవి దారి, సీతమ్మ కొట్టు

రెండోరోజు పొద్దున్నే బస్సు, ఆ తర్వాత ఆటో. నేను పనిచేసిన ఆఫీసుకు సున్నం కొత్తగా వేశారు. రెయిన్‌గేజి ఉన్న దిమ్మ ఖాళీగా ఉంది. దాని పక్కనే ఇనప స్తంభం, దాని తలకాయ మీద సోలార్ పలక. వాన పడితే ఆ స్తంభమే కొలిచి, అదే పైకి పంపేస్తుందట. మంచిదే. దానికి మోచేతులు లేవు.

ముత్తయ్య గూడేనికి దారి అడుగుదామని ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు వెళ్ళాను. సీతమ్మ అనే ఆవిడ నడుపుతోంది. నేనున్న రోజుల్లో ఆ కొట్టు లేదు, ఆమెకు నేనెవరో తెలియదు.

"ముత్తయ్యంటే? వాన లెక్కల ముత్తయ్యనా?" అంది.

"ఆయనే."

"ఆయనతోని ఏం పని మేడం? గూడెంల సగం మంది మాట్లాడరు ఆయనతోని. కరువొచ్చిన యేడు వాన ఎక్కువ రాసిండు. పక్క మండలానికి సాయమొచ్చింది, మాకు రాలే. ఆయన సొంత అన్న భీమయ్య, ఎడ్లను అమ్ముకొని మిరపకాయ ఏరనీకి పోయిండు. పదకొండేండ్లయింది, తమ్ముని గడప తొక్కడు."

నేను ఒక బిస్కట్ ప్యాకెట్టు కొన్నాను. ఇరవై రూపాయలు. అది చేతిలో పట్టుకుని ఆ కొట్టు ముందు నిలబడిపోయాను.

ఆ ఏడు నాకు బాగా గుర్తుంది. నేనక్కడ చేరిన నాలుగో ఏడు. ముత్తయ్య ఒకరోజు నా బల్ల దగ్గరకు వచ్చి, చేతులు కట్టుకుని, "మేడం, మా దిక్కు గీ యేడు కరువే. చేనంత ఎండింది. గది రాయండి," అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మొహం నాకే చూసుకోబుద్ధి కావట్లేదు. రిజిస్టరు తిప్పి అతనికే చూపించాను. "నేను రాసేదేముంది ముత్తయ్యా, నువ్వు కొలిచిందేగా? కూడితే ఇదిగో, లోటు లేదు." అతను ఆ కాగితం చాలాసేపు చూశాడు. కళ్ళతో చూసిన చేను కంటే ఆ కాగితాన్ని ఎక్కువ నమ్మాడు. పోయి గూడెంలో అదే చెప్పాడు. గూడెం వాళ్ళు కాగితాన్ని తిట్టలేదు, ఆ మాట తెచ్చినవాణ్ణి తిట్టారు.

ఆ చలికాలం మా తల్లాడ వైపు మిరప తోటలకు అడవి నుంచి కూలీలు ఎప్పుడూ లేనంత మంది వచ్చారు. సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు చూసి, పోనీలే, మా వాళ్ళకు కూలీల కరువు తీరిందని సంతోషించాను కూడా.

ముత్తయ్య వాకిలి

ముత్తయ్య జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి, "మేడం! గిదేంది, చెప్పకుండ వచ్చినవు?" అని మంచం వాల్చి, దానిమీద దుప్పటి పరిచాడు. భార్యను పిలిచి కోయ భాషలో ఏదో చెప్పాడు. ఎనిమిదేళ్ళు ఆ మనుషుల మధ్య ఉన్నాను, ఆ భాషలో నాకు మంచినీళ్ళు అడగడం కూడా రాదు.

సోల సంగతి అడగ్గానే లోపలికి వెళ్ళి తెచ్చాడు. పొయ్యిలోకి పోలేదు. పట్టుకుని పట్టుకుని నున్నగా నల్లబడింది. ఇప్పటికీ ఆ ఇంట్లో బియ్యం దానితోనే కొలుస్తారు. నా చేతికిచ్చే ముందు కళ్ళకద్దుకున్నాడు.

వానల గురించి అడిగితే మంచం కోడుకు ఆనుకుని చెప్పాడు. "అప్పట్ల ఆరుద్ర కార్తె వచ్చిందంటే పావుసోల, అరసోల, మళ్ళ పావుసోల, గట్ల పది దినాలు ఇడువకుండ పడేది మేడం. నీకు తెల్వదా, నువ్వే రాసినవు గద. భూమి మెల్లగ తాగేది. ఇప్పుడు పావుసోల వాన లేనే లేదు. పడితే మూడు సోలలు, నాలుగు సోలలు ఒక్క గంటల గుమ్మరిస్తది. భూమి గంత తాగుతదా? వాగుకు పోతది, వాగు గోదారికి పోతది. మళ్ళ ఇరవై దినాలు ఎండ."

బిందెడు నీళ్ళు వాకిట్లో పెట్టుకున్నాం. గ్లాసును తువ్వాల్లోంచి తీసి చదునుగా ఉన్న రాయి మీద నిలబెట్టాను. ముత్తయ్య సోల అంచుదాకా నింపి, గ్లాసులో పోస్తూ, "లాభం," అన్నాడు. గింజలు కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. మా అత్తగారూ వడ్లు కొలుస్తూ అలాగే అనేది. కానీ ముత్తయ్య వానను కూడా అలాగే కొలిచేవాడు, ఎనిమిదేళ్ళూ. లాభం, రెండు, మూడు. నేను బల్ల దగ్గర కూర్చుని వినేదాన్ని.

నీళ్ళు పదమూడో గీత దగ్గర ఆగాయి.

తప్పేమోనని పారబోసి మళ్ళీ పోశాం. పదమూడు. మూడోసారి నేనే పోశాను. పదమూడు.

ముత్తయ్య ఐదో తరగతి చదివాడు. వంగి గీత చూశాడు. "నువ్వు సోలకు ఇరవై రాస్తుంటివి గద మేడం," అన్నాడు.

"అవును ముత్తయ్యా."

"అయితే గా యేడు..."

"ఆ ఏడు మీకు వాన పడలేదు. నువ్వు సరిగ్గానే కొలిచావు. ఎక్కువ రాసింది నేను. నువ్వు కరువని చెప్పావు, నేనే కాదన్నాను." ఇలా చెప్పడానికి నాకు ఎంత కష్టమైందో రాయను, ఎందుకంటే కష్టపడింది నేను కాదు.

ముత్తయ్య కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు. "నేనేమో ఇంకో తీరు అనుకున్న మేడం. నా చెయ్యే తప్పు కొలిచిందేమో అని. పదకొండేండ్లు నన్ను నేనే తిట్టుకున్న," అన్నాడు. అతని భార్య ఏమైందని అడిగింది, అతను వాళ్ళ భాషలో చెప్పాడు. ఆమె నన్ను ఒక్కసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఇక బయటికి రాదనుకున్నాను. వచ్చింది, పళ్ళెంలో అన్నం, వెదురు కొమ్ముల కూర, పక్కన గిన్నెలో జొన్న జావ. వానాకాలం మొలిచే లేత వెదురును సన్నగా తరిగి, పులియబెట్టి వండుతారు. మా ఇళ్ళల్లో దాన్ని చూసి ముక్కు మూసుకుంటారు. నేను అక్కడ పనిచేసిన రోజుల్లో ఇష్టంగా తినేదాన్ని. ఆ పూట జావ మాత్రం తాగి, పళ్ళెం పక్కన పెట్టాను.

"మేడం, నాకేం వద్దు. మా అన్నకు చెప్పు. గంతే," అన్నాడు ముత్తయ్య. "నేను చెప్తే నమ్మడు. నువ్వు ఆఫీసరువు, నువ్వు చెప్తే నమ్ముతడు. వాగు అవతలనే ఇల్లు. ఇప్పుడే పోదాం, లే."

లేవాల్సింది. లేచి ఉంటే ఈ యాత్ర ఇంకోలా ముగిసేది. కానీ భీమయ్య ముఖం తలుచుకుంటే నాకు భయమేసింది. "మోకాళ్ళు లాగుతున్నాయి ముత్తయ్యా, కాస్త నడుం వాల్చి వెళ్దాం," అన్నాను. మోకాళ్ళు లాగుతున్న మాట నిజమే. అవి ఎప్పుడూ లాగుతూనే ఉంటాయి.

అరగంట కూడా కాలేదు, ఆకాశం నల్లబడింది. ఉరుము లేదు, గాలి లేదు, ఒక్కసారిగా గుమ్మరించింది. వాకిట్లో మనిషికి మనిషి కనబడలేదు. గంటసేపు పడి, ఎవరో మూత పెట్టినట్టు ఆగిపోయింది. ముత్తయ్య కర్ర తీసుకుని వాగు చూసొచ్చాడు. నడుం పైదాకా వచ్చిందని, పొద్దుటికి తగ్గుతుందని చెప్పాడు. ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాను. వాళ్ళకున్న ఒక్క దోమతెర నాకే కట్టారు.

వాగు

మూడోరోజు పొద్దున వాగు తగ్గలేదు, ఇంకో మూరెడు పెరిగింది. పైన కొండల్లో మళ్ళీ పడిందట. ఎర్రటి నీళ్ళు, అందులో కొట్టుకొచ్చే కొమ్మలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. నేను, ముత్తయ్య ఒడ్డున నిలబడ్డాం. నిన్న నేను చెప్పిపెడితే సీతమ్మ పంపిన ఆటో మా వెనక ఆగి ఉంది. రోడ్డు మీదికి నీళ్ళు వస్తున్నాయని, తొమ్మిది గంటల బస్సు తప్పితే ఇక రెండు రోజులు బస్సు లేదని ఆటో అతను చెప్పాడు.

"గదిగో, మా అన్న," అన్నాడు ముత్తయ్య మెల్లగా.

అవతలి ఒడ్డున తలగుడ్డ కట్టుకున్న మనిషి తన చేనులో నిలిచిన నీళ్ళు చూసుకుంటున్నాడు. ముత్తయ్య కంటే పొడుగు. మమ్మల్ని చూసి ఆగాడు. అన్నదమ్ములిద్దరూ వాగుకు అటొకరు, ఇటొకరు నిలబడి చూసుకున్నారు.

నేను నీళ్ళ అంచుదాకా వెళ్ళి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, గొంతు చించుకున్నాను. "భీమయ్యా! ముత్తయ్య తప్పు రాయలేదు! నేను రాశాను! వాన ఎక్కువ రాసింది నేనే!"

ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను మళ్ళీ అరిచాను. ఇంకోసారి అరిచాను. నా మాట నాకే వినబడనంత హోరు. గుండె మీద చరుచుకుని, నేను, నేను అని సైగ చేశాను. అవతల నుంచి చూస్తే ఎవరో పిచ్చి ఆడమనిషి గుండెలు బాదుకుంటున్నట్టు ఉండి ఉంటుంది. ఆయన కాసేపు చూసి, తలగుడ్డ సర్దుకుని, వెనక్కి తిరిగి నడిచి వెళ్ళిపోయాడు.

ఆటో హారను మోగింది. ముత్తయ్య, "పో మేడం, బస్సు పోతది. నువ్వు చెప్పినవు, ఆనికి ఇనరాలే," అన్నాడు. ఆ మాటలో నన్ను క్షమించడం ఉందో, ఇక చేసేదేముందన్న విసుగు ఉందో నాకు అర్థం కాలేదు. సోల నాకే ఇస్తానన్నాడు. వద్దన్నాను, రాత్రికి వాళ్ళు బియ్యం కొలుచుకోవాలి కదా.

బస్సు కోసం సీతమ్మ కొట్టు దగ్గర పది నిమిషాలు ఆగాను. అక్కడే ఆమెకు మొత్తం చెప్పేయొచ్చు, సాయంత్రానికి గూడెమంతా తెలిసేది. కాగితం మీద నా నంబరు రాసిచ్చి, "భీమయ్య ఇటువైపు వస్తే నాకు ఫోన్ చేయించమ్మా," అన్నాను అంతే. ఏం పని అని ఆమె అడిగితే, "వాన లెక్క పని," అన్నాను.

మళ్ళీ తల్లాడ

ఇంటికి వచ్చిన రోజే అమ్మాయికి ఫోన్ చేసి పదమూడు అని చెప్పాను. ఆమె ఎంత సంతోషించిందో! వారం తిరక్కుండానే లెక్కలన్నీ సరిచేసి మళ్ళీ ఫోన్ చేసింది. ఎనిమిదేళ్ళూ నిలిచాయట. ముసురు ఎలా తగ్గుతూ వచ్చిందో, వాన ఎలా కొద్ది రోజుల్లోకి ముడుచుకుపోయిందో ఇప్పుడు వరసగా తెలుస్తోందట. "ఇంకొకటి మేడం, మీరున్న నాలుగో ఏడు మొత్తం ఇన్ని దశాబ్దాల్లోనే అన్నిటికంటే తక్కువ వాన. ఇన్నాళ్ళూ కనబడలేదు, ఇప్పుడు బయటపడింది!" అంది. బయటపడిందమ్మా అన్నాను. ఆమెకు ఆ ఏడు ఒక చుక్క, గీత మీద ఒక చుక్క.

వాగు తగ్గిందని పది రోజులకు ముత్తయ్య కబురు పంపాడు. మళ్ళీ వెళ్ళాల్సింది. దసరా దాటాక అనుకున్నాను, ఈ మోకాళ్ళకు డాక్టరుకు చూపించుకున్నాక అనుకున్నాను. మా ఆయన ఏమీ అనలేదు, కానీ రెండుసార్లు నా ఆధార్ కార్డు తెచ్చి బల్లమీద పెట్టాడు. నేను తీసి బీరువాలో పెట్టాను.

పోయిన వారం మధ్యాహ్నం, వంటింట్లో ఉండగా ఫోన్ మోగింది.

"నేను భీమయ్యను. సీతమ్మ కొట్టు కాడికెళ్ళి చేస్తున్న. గా పొద్దు వాగు కాడ ఏందో ఒర్లినవు. నాకు ఇనరాలే. ఏంది?"

చెప్పాను. గ్లాసు పగలగొట్టిన దగ్గర్నుంచి చెప్పాను. మీ తమ్ముడు కొలిచింది ప్రతి రోజూ నిజమే, కరువని అతను నా దగ్గరకొచ్చి చెప్పాడు, నేనే కాగితం చూపించి పంపేశాను, తప్పు నాది, ముమ్మాటికీ నాది అన్నాను. మధ్యలో వాగు లేదు కదా, ఈసారి ప్రతి మాటా వినబడింది.



"ఆని బిడ్డ పెండ్లికి నేను పోలే," అన్నాడు. "మా అమ్మ సచ్చిపోతుంటే, ఆడు వచ్చి నోట్ల నీళ్ళు పోయబోతే, నేను చెయ్యి కొట్టేసిన. ఆమె ముంగటనే."

నేను కళ్ళు తుడుచుకున్నాను. ఆయన ఏడవడం లేదు. అడుగుతున్నాడు.

"ఇప్పుడు పోయి ఆనికి ఏమని చెప్పాలె మేడం? చదువుకున్నదానివి, నువ్వే చెప్పు."

"ముందు వెళ్ళండి భీమయ్యగారూ," అన్నాను. "ముందు వాళ్ళ ఇంటికి వెళ్ళండి."

"పోయి?" అన్నాడు.

నా జవాబు కోసం ఆయన ఆగి ఉన్నాడని తెలుస్తూనే ఉంది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని వెళ్ళి, బీరువాలోంచి నా ఆధార్ కార్డు తీశాను.